ఒక సంవత్సరపు ప్రవాసము: మన యువజనులు, మన బాధ్యత
(మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



 విద్యానిధిని గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు, విద్యార్థివసతిగృహమును గుఱించియు నాకంటె ననుభవజ్ఞులు మీకు విన్నవించియున్నారు. నాకు నియమింపబడిన విషయము కొంత క్రొత్తది. పని చేసికొనుచు, దేశమును చూచుచు, ఒక సంవత్సరకాలము ఆస్ట్రేలియాలో నుండుటకు మన యువతీయువకులకు లభించుచున్న వీసాను గుఱించియు, అట్లు వెళ్లినవారు మెల్బోర్నువంటి మహానగరమున కుదురుకొనవలసిన విధమును గుఱించియు మాటలాడుమని కోరినారు. నేనా నగరమున కొన్ని సంవత్సరములు నివసించి, క్రొత్తగా వచ్చినవారికి కొంత తోడ్పడినవాడను. చూచినదియు, తెలిసినదియు మాత్రమే చెప్పెదను. కొన్ని మాటలు చేదుగా నుండవచ్చును; మన సభలో మనము చెప్పుకొనక మఱెవరు చెప్పుదురు?

పూర్వపు ప్రయాణములు

తెలుగువారికి సముద్రయానము క్రొత్తది కాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణపు రేవులనుండి ఓడలెక్కి రంగమునకు పోయినవారి సంతతివారు మన కోస్తా జిల్లాలలో నేటికిని కలరు. పందొమ్మిదవ శతాబ్దమున మారిషసుకును, 1903 తరువాత ఫీజీకిని మనవారు ఒప్పందపు కూలీలుగా పోయిరి. ఒప్పందపు కూలీ యైదేండ్లు కట్టుబడి పనిచేయవలయును. పని మానినచో శిక్ష. 1917 లో ఆ కూలీల రవాణా ఆపబడి, 1920 నాటికి ఆ పద్ధతియే రద్దయినది.

బ్రహ్మదేశమున అట్టి ఒప్పందము లేకున్నను, మేస్త్రీ యుండెను. మేస్త్రీ పరాయివాడు కాడు. తఱచుగా మన జిల్లావాడు, మన భాషవాడు, ఒక్కొక్కచోట మన యూరివాడు, బంధువు. ఓడఖర్చునకును, ఇంటివారి తిండికిని ముందుగా బయానా యిచ్చి, ఆ యప్పు తీఱువఱకు కూలివానిని తన చేతిక్రింద నుంచుకొనెడివాడు. కూలిడబ్బు మేస్త్రీ చేతిమీదుగా వచ్చెడిది. కోతలన్నియు పోగా మిగిలినదే కూలివానికి దక్కెడిది. పరదేశమున దిక్కైనవాడును అతడే, దోచుకొన్నవాడును అతడే. 1930 మే నెలలో రంగము రేవులో తెలుగు కూలీలమీద జరిగిన దౌర్జన్యములును, 1942 లో యుద్ధమునకు వెఱచి వేలకొలది జనులు అడవిమార్గముల కాలినడకను తిరిగివచ్చుటయు ఆ చరిత్రలో తుది ఘట్టములు.

ఈ పాతకథ నేల త్రవ్వుచున్నానని మీరడుగవచ్చును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మందే యున్నది. నేడు మన బిడ్డలకు లభించిన ఈ వీసా మేస్త్రీ యక్కఱలేని ప్రయాణమునకు వీలు కల్పించినది. దానిని మరల మేస్త్రీ ప్రయాణముగా మార్చవద్దని చెప్పుటకే నేనిచ్చట నిలిచినాను.

ఈ వీసా స్వరూపము

2022 ఏప్రిల్ 2వ తేదీన భారత, ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఆర్థిక సహకార వాణిజ్యపు టొడంబడికపై సంతకములు చేసినవి. అది ఆ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి ఏటేట వేయిమంది భారతీయ యువజనులకు ‘వర్క్ అండ్ హాలిడే’ అను వీసా లభించును. దాని సంఖ్య 462. కోరువారు పెక్కుమంది గనుక చీటీలు తీసి ఎంచుకొందురు. మొదటిసారి చీటీలకు పేర్ల నమోదు 2024 అక్టోబరులో జరిగినది. రుసుము 25 డాలర్లు. రెండువారములలోనే సుమారు నలువదివేలమంది పేర్లిచ్చిరి. వేయి స్థానములకు నలువదివేలమంది! కావున పేరు రాకపోవుట అవమానము కాదు. వచ్చుట గొప్పయును కాదు. పేరు వచ్చునట్లు చేసెదనని డబ్బడుగువాడు మోసగాడని మాత్రము నిశ్చయముగా నెఱుగుడు.

అర్హత లివి. వయస్సు 18 మొదలు 30 ఏండ్లవఱకు. ఉన్నతపాఠశాల ముగిసిన పిమ్మట కనీసము రెండేండ్ల చదువు. వ్యవహారమునకు చాలిన ఆంగ్లభాష. తిరుగుప్రయాణపు ఖర్చుగాక చేతిలో సుమారు 5,000 డాలర్లు. అనగా మన లెక్కలో రెండున్నర లక్షల రూపాయలకు మించిన మొత్తము. వెంట పిల్లలను తీసికొనిపోరాదు. గడువు పండ్రెండు మాసములు. నాలుగు మాసములకు మించి చదువుకొనరాదు. ప్రత్యేకానుమతి లేక ఒక్క యజమానివద్ద ఆఱు మాసములకు మించి పనిచేయరాదు.

ఈ కడపటి నియమమును గమనింపుడు. పూర్వము ఒప్పందపు కూలీ ఒక యజమానిని విడిచిన శిక్షార్హుడు. నేడు ఈ వీసామీద వచ్చినవాడు ఒక్క యజమానినే పట్టుకొని యుండినచో నియమభంగము. ఎవ్వరికిని కట్టుబడకుండుటయే దీని లక్షణము.

తల్లిదండ్రులకు మఱొకమాట. ఇది స్థిరనివాసమునకు దారి కాదు. సంవత్సరము చూచి, చేసి, నేర్చి తిరిగివచ్చుటకు ఏర్పడినది. దీనిని పెట్టుబడిగా నెంచి పొలము తాకట్టు పెట్టుటయు, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుటయు, ‘మావాడు ఆస్ట్రేలియాలో నున్నా’డని కట్నము పెంచుటయు బిడ్డమీద బరువు మోపుటయే. అప్పుతో వెళ్లినవాడు చెడ్డ కూలిని కాదనలేడు. నగరమున కుదురుకొనుట ఆ నగరమున మొదలు కాదు. ఇంటివద్ద అప్పు లేకుండుటతో మొదలగును.

మొదటి పక్షము

మెల్బోర్ను నగరము యారా నదీతీరమున నున్నది. ఆ నేల వేలకొలది యేండ్లుగా వురుండ్జెరి అను మూలవాసులది. 1835 లో తెల్లవారు వచ్చి స్థిరపడిరి. 1837 లో రాబర్టు హాడిల్ అను సర్వేయరు గీసిన పటము ప్రకారము నగరమధ్యపు వీథులు చదరంగపు గళ్లవలె తీర్చబడినవి. క్రొత్తవాడు దారి తప్పుట కష్టము. 1851 లో ఆ ప్రాంతమున బంగారము బయటపడుటతో నానాదేశములవారు వచ్చి చేరిరి. అప్పటినుండి నేటివఱకు అది వచ్చినవారి నగరమే. 2021 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాయందు ఇంట తెలుగు మాటలాడువారు దాదాపు అఱువదివేలమంది తేలిరి.

దిగిన తరువాత మొదటి రెండువారములలో చేయవలసిన పనులను వరుసగా చెప్పెదను.

మొదటిది టెలిఫోను నంబరు. రెండవది బ్యాంకులో ఖాతా. మూడవది టాక్స్ ఫైల్ నంబరు. ఇది ఆ దేశపు పన్నుల శాఖవారిచ్చు నంబరు, ఆ దేశమున దిగిన పిమ్మట స్వయముగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును, రుసుము లేదు. ఈ నంబరు యజమానికి చూపనిచో జీతమునుండి పన్ను మిక్కిలి హెచ్చుగా కోసికొందురు. దీనిని తెప్పించి పెట్టుటకు డబ్బు పుచ్చుకొనువారు కలరు, వారితో పనిలేదు.

నాలుగవది ఆరోగ్యపు భీమా. ఆ దేశపు ప్రజలకుండు మెడికేర్ వైద్యసహాయము మన దేశమునుండి యీ వీసాపై వచ్చినవారికి వర్తింపదు. భీమా లేక ఒక్క శస్త్రచికిత్స జరిగినను తెచ్చుకొన్న ధనమంతయు చాలదు. అయిదవది ఆపత్కాలపు టెలిఫోను సంఖ్య. అది మూడు సున్నలు. పోలీసులు, అగ్నిమాపకదళము, అంబులెన్సు మూడింటికిని అదియే.

ఆఱవది ప్రయాణపు కార్డు. దానిని మైకీ అందురు. రైళ్లకు, ట్రాములకు, బస్సులకు అదియే చాలును. సుమారు 250 కిలోమీటర్ల ట్రాముమార్గము గల నగరము ప్రపంచమున మఱొకటి లేదు. నగరమధ్యమున 2015 నుండి ట్రాము ప్రయాణము ఉచితము. ఎల్ల దాటినచో కార్డు చూపవలయును, లేనిచో జరిమానా.

ఋతువులు మనకు తలక్రిందులు. జూను, జూలై, ఆగస్టు నెలలు అచ్చట చలికాలము. ఒక్క దినముననే నాలుగు ఋతువులను చూడవచ్చునని ఆ నగరవాసులే నవ్వుచు చెప్పుకొందురు. మధ్యాహ్నపు టెండ చూచి పలుచని బట్టలతో బయలుదేరి, సాయంకాలమునకు వడకుచు వచ్చినవారిని పెక్కుమందిని చూచినాను.

ఇల్లు

మొదటి పక్షము బంధువుల యింటనో, మిత్రుల యింటనో, యాత్రికుల సత్రములవంటి హాస్టళ్లలోనో గడుపవచ్చును. అంతకు మించి అతిథిగా నుండరాదు. ఆ యూరిలో పనిమనుషులు లేరు, భార్యాభర్త లిరువురును పనికి పోవుదురు, అద్దెలు హెచ్చు. అతిథి వెళ్లడేమని నోటితో అనలేక మనస్సులో బాధపడుదురు. వచ్చినవాడు తానే ముందుగా ‘ఫలానాదినమున వెళ్లెద’నని చెప్పుట మర్యాద.

ఒంటరిగా వచ్చినవారు సాధారణముగా పలువురు కలిసి యద్దెకుండు ఇండ్లలో ఒక గది తీసికొందురు. అచ్చట అద్దె నెలకు కాదు, వారమునకు చెప్పుదురు. ఇందొక చిన్న లెక్క యున్నది. వారమునకు 250 డాలర్లన్నచో నెలకు వేయి యని మనవారు లెక్కించుకొందురు. సంవత్సరమునకు 52 వారములు గనుక నెలకు 1,083 డాలర్లు పడును. ఆ 83 డాలర్లే నెలాఖరున బియ్యమునకు కొఱత యగును.

ఇల్లు చూడక ధనము పంపరాదు. ఫోటోలు చూపి, ‘నేను పరదేశమున నున్నాను, ముందుగా బయానా పంపినచో తాళము వచ్చు’ననువాడు దొంగ. అద్దెకు ముందుగా చెల్లించు ధరావతును అచ్చట బాండు అందురు. విక్టోరియా రాష్ట్రపు చట్టము ప్రకారము ఇంటియజమాని ఆ బాండును తనవద్ద నుంచుకొనరాదు. పది పనిదినములలో ప్రభుత్వపు బాండు సంస్థకు జమకట్టవలయును. జమయైనట్లు అద్దెదారునకు రసీదు వచ్చును. వారమునకు 900 డాలర్లకు లోబడిన యద్దెకు బాండు ఒక నెల యద్దెను మించరాదు. ఇంట చేరునప్పుడు గోడల మరకలు, పగిలిన గాజు, చెడిన పొయ్యి మొదలైనవన్నియు వ్రాసి, ఫోటోలు తీసి, ఇంటి స్థితిని తెలుపు పత్రమును అయిదు పనిదినములలో తిరిగి యీయవలయును. విడిచివెళ్లునాడు బాండు తిరిగివచ్చునా రాదా యనునది ఆ పత్రముమీద నాధారపడియుండును.

పని, కూలి

పట్టభద్రులై వెళ్లినవారికి మొదట దొరకు పని హోటళ్లలో వడ్డన, గిన్నెలు కడుగుట, గిడ్డంగులలో సామానులు సర్దుట, కాఫీదుకాణములలో కాఫీ కలుపుట. ఆ నగరమునకు కాఫీ యన్న ప్రాణము. కాఫీ చక్కగా కలుపు నేర్పు గలవానికి పని వెంటనే దొరకును. మద్యము వడ్డించుచోట పనిచేయుటకు ఆర్.ఎస్.ఏ. యను ధ్రువపత్రము, కట్టడపు పనులకు వైట్ కార్డు కావలయును. రెండును స్వల్పకాలపు శిక్షణతో లభించును. రెండవ సంవత్సరమునకు మరల వీసా కోరువారు మొదటి సంవత్సరముననే నిర్ణీతమైన గ్రామీణ, దూరప్రాంతములలో నిర్ణీతమైన పనులు మూడుమాసములు చేయవలయును. మెల్బోర్ను నడిబొడ్డున కాఫీ కలిపిన దినములు ఆ లెక్కలో చేరవు. ఈ సంగతి వచ్చిన నాడే తెలిసికొనవలయును. పదునొకండవ నెలలో తెలిసికొన్న ఫలము లేదు.

చేతిపని చేయుటకు సిగ్గుపడరాదు. ఇంట కంచము తీయని కుమారుడు అచ్చట నలువదిమంది కంచములు కడుగుచున్నాడని తల్లి కన్నీరు పెట్టవచ్చును. నాకది శుభముగానే తోచును. ఎవని కంచము ఎవడు కడుగవలయునో పుట్టుకచే నిర్ణయించిన దేశమునుండి పోయినవానికి, కడిగిన కంచమునకు గంటలెక్కన గౌరవముగా కూలి యిచ్చు పద్ధతి గొప్ప పాఠము.

ఆ కూలి యెంత? 2025 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన జాతీయ కనిష్ఠవేతనము గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. ఏటేట జూలైలో దానిని సవరింతురు. స్థిరమైన యుద్యోగము కాక పిలిచినప్పుడు వచ్చు పనివానికి, సెలవులు మొదలైనవి యుండవు గనుక, నూటికి 25 వంతున హెచ్చుగా నీయవలయును. అనగా గంటకు 31 డాలర్లకు పైన. వారమునకు 38 గంటలు కనిష్ఠవేతనముపై పనిచేసినచో సుమారు 948 డాలర్లు. ఈ వీసా గలవారినుండి, నమోదైన యజమాని, 45,000 డాలర్ల యాదాయమువఱకు నూటికి 15 వంతున పన్ను పట్టుకొనును; 142 పోగా 806 చేతికి వచ్చును. జీతముగాక, నూటికి 12 వంతున యజమాని ‘సూపర్’ అను వృద్ధాప్యనిధికి కట్టవలయును. దేశము విడిచిన పిమ్మట ఆ నిధిని తీసికొనవచ్చును గాని, ఈ వీసా గలవారికి అందు నూటికి 65 పన్నుక్రింద పోవును. మిగిలిన 35 ఐనను మనదే, అడుగక విడువరాదు.

జీతమిచ్చిన మఱునాటి పనిదినము ముగియులోపల జీతపు చీటీ యీయవలయునని చట్టము. పే స్లిప్పు లేని జీతము జీతము కాదు, భిక్ష. పనితనము చూచుటకని ఒకటి రెండు గంటలు పరీక్షింపవచ్చును గాని, వారముల తరబడి ‘ట్రయల్’ పేరిట ఊరక పని చేయించుకొనరాదు. ‘నీవు పనివాడవు కావు, స్వతంత్రవ్యాపారివి, ఎ.బి.ఎన్. నంబరు తెచ్చుకొను’ మని చెప్పి కనిష్ఠవేతనమును, సూపరును ఎగవేయు యజమానులును కలరు. ఒకరు చెప్పిన వేళకు వచ్చి, వారు చెప్పిన పని, వారి పనిముట్లతో చేయువాడు వ్యాపారి యెట్లగును?

మనవారు

మహాశయులారా! ఇప్పుడు చేదుమాట చెప్పవలసియున్నది.

ఈ వీసామీదనే వచ్చిన యొక యువకుని నేనెఱుగుదును. పేరు, ఊరు చెప్పను. అతడు దిగిన పదవనాడు మనవారి భోజనశాలలో పనికి కుదిరెను. యజమాని యతని యింటిపేరడిగి, తాతగారి యూరడిగి, ‘అయితే నీవు మనవాడవే, నన్ను బాబాయీ యని పిలువు’ మనెను. గంటకు 12 డాలర్లు, నగదుగా. చీటీ లేదు. వారమునకు ముప్పది గంటల చొప్పున పదునొకండు వారములు గిన్నెలు కడిగెను. గంటకు 19 డాలర్లకు పైగా తక్కువ. మొత్తము తక్కువ 6,300 డాలర్లు. అడిగినప్పుడెల్ల ‘బాబాయిని లెక్కలడిగెదవా?’ యనుటయే జవాబు.

ఆ పిల్లవాడు తెలివిగలవాడు. ఏనాడు ఎన్నిగంటలకు వచ్చి ఎన్నిగంటలకు పోయినాడో చిన్న పుస్తకమున వ్రాసికొన్నాడు. ఆ దేశమున ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అను ప్రభుత్వకార్యాలయము కలదు. పనివారి ఫిర్యాదులు విని సహాయము చేయుటకు రుసుము లేదు. ఆంగ్లము చాలనివారికి దుబాసీల ఏర్పాటును కలదు. టెలిఫోను సంఖ్య 13 13 94. అతడచ్చటికి వ్రాసినాడు. వ్రాసిన వారమునకే యిచ్చట, మన జిల్లాలో, అతని తండ్రికి పెద్దలనుండి కబురు వచ్చినది. ‘మనలో మనకు ఫిర్యాదులెందుకు? ఆయన మంచికార్యములకు చందాలిచ్చు ధర్మాత్ముడు. మనవాని పరువు పరదేశమున తీయుట తగునా? పిల్లవానిని మాన్పించుము.’ తండ్రి భయపడి కుమారునకు టెలిఫోను చేసెను. పిల్లవాడు మానలేదు. సొమ్ము కొంత వాయిదాలమీద వచ్చినది, కొంత రావలసియున్నది. తండ్రి మాత్రము ఆ పెద్దల యిండ్ల శుభకార్యములకు పిలుపు లేక కూర్చున్నాడు.

చందా యిచ్చినవాని పరువు గొప్పదా, గిన్నెలు కడిగినవాని కూలి గొప్పదా? ఈ ప్రశ్నను పోషకమహాశయుల సమక్షముననే యడుగుచున్నాను. ఏలయన మీరు న్యాయమార్గమున సంపాదించి దానము చేయువారు గనుక ఈ ప్రశ్నకు వెఱవరు. మనవాడను మాట నీడనిచ్చుటకు పుట్టినది. తక్కువ కూలికి ముసుగుగా నుండుటకు కాదు. రంగపు రేవులోని మేస్త్రీయును ‘మనవాడే’.

మనవారందఱు నిట్టివారని నేననలేదు. తెల్లవారుజామున విమానాశ్రయమునకు వచ్చి, పరుపిచ్చి, పప్పన్నము పెట్టి, బ్యాంకునకు వెంటబెట్టుకొని తీసికొనిపోయిన గృహస్థులను నేనెందఱనో యెఱుగుదును. వారెవ్వరును ఇంటిపేరడుగలేదు. పరీక్ష యిదియే: క్రొత్తవానిని తన కాళ్లమీద నిలువబెట్టువాడు బంధువు, తన గుమ్మమున నిలువబెట్టుకొనువాడు మేస్త్రీ.

చట్టమును ఈ విషయమున నానాటికి గట్టిపడుచున్నది. ‘నీ వీసా తీయించెద’నని బెదరించి పనివానిని లొంగదీయుట 2024 జూలై 1వ తేదీనుండి నేరము. తెలిసి తెలిసి జీతము తక్కువ యిచ్చుట 2025 జనవరి 1వ తేదీనుండి దేశమంతట నేరము. సంవత్సరకాలపు అతిథికిని ఆ చట్టము తోడున్నది. తోడున్నదని మన బిడ్డలకు తెలియకుండుటయే లోపము.

మఱొక చిన్నమాట. అచ్చటి మనవారి కూటములలో ‘మీది ఏ యూరు? ఇంటిపేరేమి?’ అను ప్రశ్న దేనికొఱకో మనకందఱకు తెలియును. కులసంఘపు వేదికమీద నుండియే చెప్పుచున్నాను: ఆ ప్రశ్నను మన బిడ్డలు ఓడరేవు దాటించి తీసికొనిపోరాదు. పదుగురు కలిసి యుండు ఇంట ఆ ప్రశ్న పడినచో ఒకరి మనస్సు విఱుగును. మన సంఘమునకు విద్యయు ఐకమత్యమును నేర్పుటకు ఈ సభ పుట్టినది. ఇతరులను తూచుటకు కాదు.

నగరముతో స్నేహము

మన బిడ్డలు కొందఱు సంవత్సరమంతయు గడిపి, పనిచోటు, పడకగది, భారతీయుల దుకాణము మూడింటిని దక్క నగరమును చూడకయే తిరిగివత్తురు. ఇది విహారపు వీసా కూడనని మఱచిరి. 1856 లో తలుపులు తెఱచిన విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయమున ఎవరైనను ఉచితముగా కూర్చుండి చదువుకొనవచ్చును. చలికాలమున అంతకంటె వెచ్చని ఆశ్రయము లేదు. 1878 నాటి క్వీన్ విక్టోరియా మార్కెట్టులో మూయువేళకు కూరగాయలు చవుక. పేటపేటను పురపాలక గ్రంథాలయములు కలవు. చిరునామా చూపి సభ్యత్వము పొందవచ్చును. కారమ్ డౌన్స్‌లోని శివవిష్ణ్వాలయమున పండుగనాడు మన భాష వినబడును. గుడికి పోవుట మంచిదే. పొరుగువారి పాదయాత్రాసంఘములోనో, క్రికెట్టు జట్టులోనో చేరుటయు మంచిదే. నగరము తెలిసినవాని యాసయు మెరుగుపడును; పనియు మెరుగుపడును.

సముద్రమును గుఱించి హెచ్చరిక. ఆ తీరమున అలలక్రింద లోనికి లాగు ప్రవాహము లుండును. ఈత రాక, సరదాకు దిగి, ప్రాణములు పోగొట్టుకొన్న భారతీయ యువజనుల వార్తలు వచ్చుచునే యున్నవి. ఎఱుపు, పసుపు రంగుల జెండాల నడుమనే నీటికి దిగవలయును; జెండాలు లేనిచోట దిగరాదు.

మనస్సును గుఱించియు నొకమాట. రెండవ, మూడవ నెలలో దిగులు కలుగును. మనకును వారికిని నాలుగున్నర గంటల భేదము. వారు గడియారము ముందుకు జరుపు అక్టోబరు మొదలు ఏప్రిల్‌వఱకు అయిదున్నర. ఇక్కడ భోజనమై తీరికగా టెలిఫోను చేయునప్పటికి అచ్చట అర్ధరాత్రి దాటును. తల్లిదండ్రులు వేళ నిర్ణయించుకొని వారమునకు రెండుమూడుమారులు మాటలాడుడు, ‘ఎంత మిగిల్చినావు?’ అను ప్రశ్నకు ముందు ‘ఏమి తిన్నావు?’ అని యడుగుడు. ఆడపిల్లలను పంపుటకు సందేహించువారికి నేను చెప్పునది, పైన చెప్పిన జాగ్రత్తలు ఇరువురకు సమానమే. గది తాళము, రాత్రిపని పిమ్మట ఇంటికి చేరు మార్గము, ఈ రెండును ముందుగా చూచుకొన్న ఆడపిల్ల అచ్చట నిర్భయముగా సంచరింపగలదు.

ఈ సభ చేయవలసినది

కడపట నాలుగు మనవులు చేసి విరమించెదను.

ఒకటి: మన విద్యానిధినుండి ఈ ప్రయాణమునకు అప్పులీయవద్దు. దానికి బదులు, వెళ్లువారికి ముందుగా రెండు దినముల శిక్షణ యేర్పాటు చేయుడు: వంట, ఆంగ్లసంభాషణ, జీతపు లెక్క, ఇంటి యొప్పందము చదువుట.

రెండు: పైన చెప్పిన సంగతులను తెలుగున చిన్న పుస్తకముగా అచ్చొత్తించి, ఏటేట సవరించి, ఏ కులమువా రడిగినను ఉచితముగా పంచుడు.

మూడు: అచ్చటి మనవారిలో, పనివారిని పెట్టుకొను వ్యాపారము లేనివారిని నలుగురిని ఎంచి, క్రొత్తవారికి మొదటి పక్షము సలహాదారులుగా నుండుమని ప్రార్థింపుడు. పని యిచ్చువాడే సలహాదారు కారాదు.

నాలుగు: కూలి విషయమున న్యాయము కోరిన యే పిల్లవానినిగాని, పిల్లనుగాని, వారి తల్లిదండ్రులనుగాని, మన సంఘపు పెద్దలెవ్వరును నిర్బంధింపరాదని ఈ మహాసభ తీర్మానింపవలయును. నాలుగింటిలో నాకిది ముఖ్యము. మొదటి మూడింటికి డబ్బు కావలయును. దీనికి ధైర్యము చాలును.

 ఈ తీర్మానమును విషయనిర్ధారణసంఘమువారు రేపటి కార్యక్రమమున చేర్చెదరని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.